అనంతగిరి మట్టి ఎక్కడికి పోతున్నది?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కింద మన కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, ప్రతి ఏడు మీరు తాలీమ్ గురించే చెప్తరు. ఈసారి వేరే సంగతి ఏదన్న చెప్పుండ్రి" అన్నారు. మాకు వచ్చిన విద్య ఒక్కటే. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్లుగా జుగ్రాఫియా, అంటే భూగోళం, చెప్పుకొని బతుకుతున్నాము. కనుక ఆ బడి పాఠాన్నే ఈ సభకు పట్టుకొచ్చాము. దీనికి ఇంకొక కారణం కూడా ఉన్నది. నేటి సభ అంశాల్లో ఖబ్రస్తాన్ గోడ విషయం ఉన్నది. దానికి చందాలు అడగబోతున్నారు. ఆ గోడకూ మా పాఠానికీ దగ్గరి సంబంధం ఉన్నది గనుక, రసీదు బుక్కులు బయటికి రాకముందే మా మాట వినవలసిందిగా మనవి.

ఉర్దూలో మాట్లాడితే మాకు సులువు. కానీ మన పిల్లల్లో సగానికి పైగా ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియాలలో చదువుతున్నారు. ఇంట్లో దక్కనీ మాట్లాడినా ఉర్దూ పుస్తకం చదవలేని పరిస్థితి వచ్చింది. అది వేరే బాధ, ఈరోజు దాన్ని ఎత్తబోము. మా పాఠంలో మూడు మాటలున్నాయి. ఒకటి ఫర్సూదగీ, అంటే ఉన్నచోటనే రాయి శిథిలమై పొడి కావడం. తెలుగు పుస్తకాల్లో శైథిల్యం అంటారు. రెండు కటావ్, అంటే ఆ పొడిని నీరో గాలో కోసుకొని ఎత్తుకుపోవడం. దీనికి తెలుగు మాట క్రమక్షయం. మూడు తహ్‌నషీనీ, అంటే మోసుకుపోయినది ఒకచోట దిగి మేట వేయడం, నిక్షేపణ. పరీక్షలో ఈ మూడు మాటలూ రాసి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా, ఇవి తమ ఇంటి వెనకనే జరుగుతున్నాయని గమనించరు. కొండలంటే హిమాలయాలు, నదులంటే గంగా యమునలు అన్నట్టు చెప్పే పాఠాలదే ఆ తప్పు.

మన దగ్గర చూడవలసినది చాలా ఉన్నది. సికింద్రాబాదులో రైలెక్కి తాండూరు వైపు వచ్చేవారు ఈసారి ఫోన్ పక్కన పెట్టి కిటికీ లోంచి చూడండి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం సర్కారు వారి కాలంలో వేసిన దారి ఇది. లింగంపల్లి దాకా గుండ్రటి బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడతాయి. అది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వస్తుంటే బండలు మాయమై, నల్ల రాయీ దాని నెత్తిన ఎర్ర మొరమూ వస్తాయి. ఆ నల్ల రాయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద భూమి పగుళ్ల నుంచి పొంగిన లావా గడ్డకట్టినది. దక్కను పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పిన లావా అదే. మళ్లీ ధారూరు దాటి తాండూరుకు దిగేసరికి బల్లపరుపు సున్నపు రాయి తేలుతుంది. మన ఇళ్లలో పరిచిన షాబాద్ బండ, తాండూరు బండ అదే. అది తక్కువలో తక్కువ యాభై అరవై కోట్ల ఏళ్ల కింద నిస్సారమైన సముద్రపు అడుగున పొరలు పొరలుగా దిగిన బురద. అప్పటికి చేప కూడా పుట్టలేదు. ఒక్క టికెట్టు మీద నిప్పులో పుట్టిన రాయీ నీళ్లలో పుట్టిన రాయీ రెండూ చూపించే దారి దేశంలో అన్నిచోట్లా దొరకదు.

ఇక రాయి పొడి కావడం సంగతి. గోల్కొండ గుట్టల మీద గ్రానైటు బండలు ఉల్లిపాయ పొరల్లాగ పెచ్చులు లేవడం అందరూ చూసే ఉంటారు. పైనున్న బరువు తొలగిపోగానే లోపలి రాయి కొంచెం ఉబ్బి పగుళ్లు ఇస్తుంది. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది. మూలలు ముందు అరుగుతాయి, నడుమ మిగిలినది గుండ్రాయి అవుతుంది. పగట ఎండ, రాత్రి చలువ కొంత సాయం చేస్తాయి. మసీదు గోడ సందులో మొలిచిన రావి మొక్క ఇంకొంత సాయం చేస్తుంది. దాన్ని చిన్నప్పుడే పీకమని ముతవల్లీ సాహెబులకు ఎన్నిసార్లు చెప్పినా, "పచ్చగ ఉన్నది, ఉండనీ" అంటారు. గచ్చు సంగతి ఇంకా సున్నితం. 1591లో కట్టిన చార్మినార్ మీనారు నుంచి 2019 మేలో గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. మంచు గడ్డకట్టి రాయిని చీల్చే పని చలి దేశాల్లో ముఖ్యం గానీ మనకు అది లేదు.

మన దగ్గర పెద్ద పని చేసేది నీళ్లలోని మందు. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకొని దిగుతుంది. అంటే ప్రతి చినుకూ చాలా పలుచని సోడా నీరే. అమ్మలకు ఈ విషయం మా కంటే బాగా తెలుసు. తాండూరు బండ మీద నిమ్మకాయ పిండిన రసం పడితే ఏమవుతుంది? అక్కడ మెరుగు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. నిమ్మరసంలోని పులుపు సున్నపు రాయిని తినేసిందన్న మాట. నిమ్మకాయ ఒక్క నిమిషంలో చేసినదాన్ని వాన నీరు వేల ఏళ్లలో చేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలు చూసి వచ్చినవారు మనలో ఉన్నారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు ఇటువంటి సున్నపు రాతిలో భూమి కింద నీరు కరిగించుకుంటూ పోయిన దారులే.

అనంతగిరి నెత్తిన జరిగినది ఇంకొక రకం. అక్కడి నల్ల లావా రాయి మీద లక్షల వానాకాలాలు కురిశాయి. రాతిలోని సున్నమూ సోడియమూ ఇసుక పదార్థమూ కరిగి కిందికి పోయాయి. కరగనివి ఇనుమూ అల్యూమినియమూ. అవి మిగిలి, ఇనుము తుప్పు పట్టి, ఎర్రటి చిల్లుల రాయిగా గట్టిపడ్డాయి. శాస్త్రజ్ఞులు దీన్ని లేటరైటు అంటారు. 1807లో బుకానన్ అనే స్కాట్లండు వాడు మలబారులో దీన్ని ఇటుకల్లాగ కోసి గోడలు కట్టడం చూసి, లాటిన్‌లో ఇటుకకు ఉన్న మాట మీద ఆ పేరు పెట్టాడు. మనం మొరం అంటాము. ఈ గట్టి టోపీ నెత్తిన ఉండబట్టే అనంతగిరి ఇంకా గుట్టగా నిలిచి ఉన్నది. టోపీ లేని పక్కలు ఎప్పుడో అరిగి లోతట్టు అయ్యాయి. "సార్, గుట్ట పెరుగుతదా?" అని ఆరో తరగతి పిల్లవాడు ఒకసారి అడిగాడు. మన గుట్ట పెరగలేదు బేటా, చుట్టుపక్కల నేలే దిగిపోయింది అని చెప్పాము.

దిగిపోయిన నేల ఎక్కడికి పోయినట్టు? ఈ ప్రశ్నకు జవాబు మన జిల్లాలో వింతగా ఉంటుంది. అనంతగిరి నుంచి రెండు నదులు పుడతాయి. తూర్పు వాలు మీద పడిన వాన మూసీ అవుతుంది. గండిపేట మీదుగా, హైదరాబాదు నడుమ నుంచి, సుమారు 240 కిలోమీటర్లు పోయి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు మీద పడినది కాగ్నా అవుతుంది. తాండూరు పక్క నుంచి కర్ణాటకలోకి దాటి, రాష్ట్రకూటుల రాజధాని అయిన మల్ఖేడ్ ఒడ్డు తాకి, భీమలో పడుతుంది. భీమ పోయి కృష్ణలో పడుతుంది. గుట్ట మీద పక్కపక్కన పడిన రెండు చినుకులు, గాలి కొంచెం అటూ ఇటూ తోస్తే, ఒకటి హైదరాబాదుకు, ఒకటి కలబురగి వైపుకు పోయి, చివరికి కృష్ణలో ఒకచోట చేరుతాయి. పాలకులు గీసిన గీతలు వీటికి పట్టవు. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ తరువాత ఎన్ని జిల్లాలు మారినా, 2016లో వికారాబాద్ జిల్లా అయినా, కాగ్నా మాత్రం తన మట్టిని గుల్బర్గాకే తీసుకుపోతున్నది.

చినుకు చేసే పనిని మనం తక్కువ అంచనా వేస్తాము. జోరు వానలో పెద్ద చినుకు గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో నేలను కొడుతుంది. గడ్డి లేని నేల మీద అది చిన్న గుండు దెబ్బ. రేణువులు ఎగిరి పడతాయి, పల్లానికి జారుతాయి. మొదట పలుచని పొరగా, తరువాత వేలి మందం కాలువలుగా, ఆ తరువాత మనిషి మునిగే గండిగా అవుతుంది. మన దేశంలో ఏటా హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా మట్టి కదిలిపోతున్నదని 1983లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఎకరానికి చూస్తే ఆరున్నర టన్నులు, సుమారుగా రెండు ట్రాక్టర్ ట్రాలీలు. ఎవరైనా రాత్రిపూట వచ్చి మన పొలం నుంచి రెండు ట్రాలీల మట్టి ఎత్తుకుపోతే పోలీస్ స్టేషనుకు పోతాము. వాన ఎత్తుకుపోతే "ఈసారి వానలు బాగ పడ్డయి" అని సంతోషిస్తాము. ఆ లెక్కలోనే ఇంకొక సంగతి ఉన్నది. కదిలిన మట్టిలో సముద్రం దాకా పోయేది మూడో వంతు కూడా లేదు. పదో వంతు జలాశయాల్లో దిగుతుంది. తక్కినదంతా ఒక చోటు నుంచి ఇంకొక చోటుకు జరిగి ఆగుతుంది. ఒకరి చెల్క తగ్గితే ఒకరి మడి పెరుగుతుంది.

నీటికి కోపం వస్తే ఏమవుతుందో హైదరాబాదు వారు 1908లో చూశారు. ఆ సెప్టెంబరు 28న మూసీ పొంగింది. మన పెద్దలు దాన్ని తుగ్యానీ అనేవారు. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి బతికినవారి కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ సాహెబ్ ఆ వరదలోనే తల్లినీ భార్యనూ బిడ్డనూ పోగొట్టుకొని తాను ఒక్కడే మిగిలారు. ఉర్దూ క్లాసులో ఆయన కవిత్వం చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోవడం మాకు ఎన్నడూ సాధ్యం కాలేదు. తరువాత వచ్చి పరిశీలించిన విశ్వేశ్వరయ్య గారు, మూసీ పైభాగంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయినట్టు రాశారు. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు కట్టను తెంచుతుంది. ఆ రాత్రి హైదరాబాదు మీద పడినది ఒట్టి వాన నీరు కాదు, తెగిన కట్టల మట్టి కూడా. ఆయన సలహా మీద 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ పూర్తి అయినాయి. నీరు ఊళ్లోకి చేరిన తరువాత గోడలతో ఆపడం కష్టమనీ, పైననే పట్టి నిదానంగా విడవాలనీ ఆయన చెప్పిన పద్ధతిని దయచేసి గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని అవసరం పడుతుంది.

నీరు మోసుకుపోయినది ఎక్కడ దించుతుందో కనిపెట్టిన పెద్దల్లో మనవారు ఉన్నారని పిల్లలకు తెలియదు. అల్ బిరూనీ సుమారు 1030లో హిందూస్తాన్ గురించి రాసిన గ్రంథంలో ఈ మాట ఉన్నది. పర్వతాల దగ్గర నేల తవ్వితే పెద్ద గుండ్రాళ్లు వస్తాయి, దూరం పోయినకొద్దీ రాళ్లు చిన్నవవుతాయి, నది సముద్రంలో కలిసే చోట ఇసుకే మిగులుతుంది, కనుక ఈ మైదానమంతా ఒకప్పుడు సముద్రమై ఉండి నదుల ఒండ్రుతో నిండి ఉండాలి అని ఆయన ఆలోచన. ఆయన కాలం వాడైన ఇబ్న్ సీనా, వైద్యంలోనే కాక కొండల విషయంలోనూ బుర్ర పెట్టి, కొన్ని నీరు కోసివేయగా మిగిలినవనీ, పొరలు పొరలుగా ఉన్నవి బురద దిగి గట్టిపడినవనీ రాశాడు. యూరపు వారు ఈ మాట చెప్పడానికి ఇంకా ఎన్నో వందల ఏళ్లు పట్టింది. బిరూనీ చెప్పినది చూడడానికి గంగ దాకా పోనక్కరలేదు. అనంతగిరి కింది ఒర్రెలో తలకాయంత రాళ్లు ఉంటాయి. తాండూరు దగ్గర కాగ్నాలో చేతిలోంచి జారే ఇసుక ఉంటుంది. నీటి జోరు తగ్గినకొద్దీ ముందు బరువైనవి, తరువాత తేలికైనవి దిగుతాయి, అంతే. ఆ ఇసుకను లారీలకెత్తి నది అడుగు ఊడ్చివేస్తే ఒడ్డు బావుల్లో నీరు దిగిపోవడం కాగ్నా ఒడ్డు రైతులకు మేము చెప్పనక్కరలేదు.

అదే నల్ల రాయి నుంచి గుట్ట మీద ఎర్ర మొరమైతే, పల్లంలో నల్ల రేగడి ఎందుకైంది అని అడగవచ్చు. పైన నీరు నిలవదు గనుక సున్నం కొట్టుకుపోయింది. కింద నీరు నిలిచింది గనుక కొట్టుకొచ్చిన సున్నమూ మెగ్నీషియమూ అక్కడే ఆగి జిగట బంకమట్టి అయింది. ఎండాకాలం అది చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. పైమట్టి ఆ నెర్రెల్లో పడి, వానకు మళ్లీ ఉబ్బి కలిసిపోతుంది. రేగడి తనను తానే దున్నుకుంటుందని రైతులు అనేది ఇందుకే. తాండూరు కందిపప్పు రుచికి కారణం ఆ నేలే. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా లోతైన నల్లమట్టి, సున్నపు రాతి నిక్షేపాల మాటే ముందు చెప్పారు. పెండ్లి దావత్‌లో దాల్చా బాగుందని పొగిడేవారు వంటమనిషితోపాటు ఆ మట్టిని కూడా కొంచెం తలచుకుంటే బాగుండు.

చెరువుల్లో దిగిన మట్టిని మన తాతలు ఏటా ఎండాకాలంలో బండ్లమీద తోలి మళ్లీ చెల్కలకు చేర్చేవారు. కిందికి పోయినది పైకి తెచ్చుకునే పద్ధతి అది. నడుమ కొన్ని దశాబ్దాలు అది మరుగున పడింది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీత మళ్లీ మొదలైనప్పుడు, సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి తోలుకున్న రైతులు బాగుపడ్డారు. పెద్ద జలాశయాల్లో ఆ వీలు లేదు. కాగ్నా, భీమల మట్టి కూడా పోయి చేరే శ్రీశైలం జలాశయం మొదట 308 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక పడి తరువాతి సర్వేల్లో అది 215కు వచ్చింది. అక్కడ ఆగిన మట్టి బందరు వైపు డెల్టాకు చేరదు. డెల్టాను కట్టినది ఆ ఒండ్రే గనుక, అది రాకపోతే సముద్రం ఒడ్డును కోస్తుంది. అనంతగిరి మట్టి ఇక్కడ మనకు లేకుండా, అక్కడ వారికీ అందకుండా నడుమ చిక్కుకున్నది.

ఇప్పుడు మన సంగతికి వస్తాము. మన ఖబ్రస్తాన్ మొరం వాలు మీద ఉన్నది. పెద్దలు ఆ స్థలం ఎంచుకున్నప్పుడు పైన ఇళ్లు లేవు, తుప్పలూ గడ్డీ ఉండేవి. వాన పడితే నీరు అంతటా పరుచుకొని నిదానంగా దిగేది. ఇప్పుడు పైన ప్లాట్లు పడ్డాయి, సిమెంటు రోడ్డు పడింది, గడ్డి పోయింది. పడిన నీరంతా రోడ్డు పట్టుకొని ఒక్కచోటికి చేరి, తూము నుంచి మన మూలకు దూకుతున్నది. దానికి తోడు వాలు కింద ఎవరో ఇంటి పునాదులకని మొరం తవ్వుకుపోయారు. కింద తవ్వితే పైకి గండి పాకుతుంది. నీరు గండి తలను కోసుకుంటూ వెనక్కి నడుస్తుంది. మేము మూడు వానాకాలాలుగా మేకు పాతి కొలుస్తున్నాము. మొదటి ఏడు నాలుగు అడుగులు, రెండవ ఏడు ఆరు అడుగులు, పోయిన ఏడు పదకొండు అడుగులు పైకి వచ్చింది. కింది వరుసలోని పాత ఖబర్ల దగ్గర మట్టి జారింది. తలరాళ్లు రెండు వంగాయి. ఆ వరుసలో ఎవరి పెద్దలు ఉన్నారో ఇక్కడ కూర్చున్నవారికి తెలుసు, మేము పేర్లు చెప్పము.

దీనికి అందరూ చెప్పే మందు గోడ. "పది ఫీట్ల గోడ కడితే కథ ఖతం" అని ఒక చాచా నిన్న కూడా అన్నారు. చాచా గారి మీద మాకు గౌరవం ఉన్నది, గానీ నీటికి చాచా గారు తెలియదు. ఇప్పుడున్న తీరులో గోడ కడితే మూడు జరుగుతాయి. గోడ వెనక మట్టి తడిసి బరువెక్కి గోడను ముందుకు నెడుతుంది. నీరు పోవడానికి చిల్లులు పెట్టకపోతే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గోడ చివర తిరిగి వచ్చిన నీరు పునాది కింద తవ్వుతుంది. రెండు మూడు గట్టి వానలకు మన చందా అంతా ఒండ్రుగా మారి కాగ్నాలో కలుస్తుంది. గోడ వద్దని మేము అనము. అది మూడో పని కావాలి.

మొదటి పని పైన. తూము నుంచి వచ్చే నీటిని ఖబ్రస్తాన్‌లోకి దిగకముందే పట్టి, వాలుకు అడ్డంగా, కొంచెం పల్లంతో, కందకం తీసి పక్కనున్న ఒర్రెలోకి మళ్లించాలి. విశ్వేశ్వరయ్య గారు మూసీకి చెప్పినదే, మన కొలతలో. దీనికి మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టాలి. పైన ప్లాట్లవారితో మాట్లాడాలి. వారిలో మనవారూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. వారి ఇండ్ల పునాదుల వైపే గండి పోతున్నది గనుక మాట వింటారనే మా నమ్మకం.

రెండవ పని గండిలో. దానికి అడ్డంగా అంచెలంచెలుగా రాతి కట్టలు వేయాలి. సిమెంటు అక్కరలేదు. అడుగు లోతు తవ్వి మొదటి వరుస దించాలి. రెండు ఒడ్లలోకీ రాళ్లు చొప్పించాలి. నడుమ ఎత్తు తక్కువ, అంచులు ఎక్కువ ఉండాలి. నీరు మత్తడి దూకినట్టు నడుమ నుంచే దూకాలి, లేకుంటే ఒడ్డును కోస్తుంది. దూకే చోట కింద కొన్ని బండలు పరచాలి. కింది కట్ట తల, పైకట్ట పాదం ఒక మట్టంలో ఉండేటట్టు దూరం చూసుకోవాలి. నీటి జోరు తగ్గితే అది మోసుకొచ్చే మట్టి కట్ట వెనక దిగుతుంది. ఒకటి రెండు వానాకాలాల్లో గండి తనంతట తానే మెట్లు మెట్లుగా పూడుతుంది. ఇన్నాళ్లూ మన మట్టిని తీసుకుపోయిన వానతోనే మళ్లీ మట్టి తెప్పించుకోవడం ఇది. పూడిన చోట వట్టివేరు నాటితే వేళ్లు లోతుకు దిగి పట్టుకుంటాయి, మేకలు కూడా దాన్ని పెద్దగా ముట్టవు.

రాళ్లకు డబ్బు కావాలా అని అడుగుతారు. తాండూరు నుంచి వచ్చిన భాయిలు ఈ సభలో చాలామంది ఉన్నారు. పాలిష్ యూనిట్లలోనూ గనుల్లోనూ పనిచేసేవారు, యజమానులూ ఉన్నారు. గనుల పక్కన పనికిరాని ముక్కల గుట్టలు ఎంత ఎత్తు పేరుకున్నాయో వారికే తెలుసు. బండ తీస్తే అమ్మకానికి పనికివచ్చేది కొంతే, మిగిలినది చెత్త. మెరుగు పెట్టిన పలుచని ముక్కలు మాకు వద్దు, అవి జారుతాయి. గరుకుగా, మందంగా, మూలలు తేలిన ముక్కలు కావాలి. ఇరవై ట్రాలీలు చాలునని మా అంచనా. సున్నపు రాయి నీటికి కరుగుతుందని మీరే చెప్పారు గదా మాస్టర్ సాబ్, అని మా విద్యార్థి ఒకడు వెనక నుంచి చెయ్యెత్తుతున్నాడు. శభాష్. కరుగుతుంది బేటా, కానీ ఆ కట్టలు కరిగేలోపల నీ మనవళ్ల మనవళ్లు కూడా ఈ సొసైటీలో చందాలు కట్టి ఉంటారు.

రాళ్లు ఇస్తామని తాండూరు వైపు నుంచి ఇద్దరు ఇప్పటికే మాట ఇచ్చారు. రైలు గేటు దాటి నలభై కిలోమీటర్లు తోలడానికి డీజిలు ఖర్చు సొసైటీ భరించాలి. ఆ ఒక్క ఖర్చుకు ఈరోజు మంజూరు కావాలి. గోడ అంశాన్ని తరువాతి వానాకాలం చూసినదాకా వాయిదా వేయాలని మా సవరణ. మంచి ఇంజనీరు చేత, నీరు పోయే చిల్లులతో, దాని ప్లాను అప్పుడు వేయించుకోవచ్చు. మృగశిర కార్తె లోపల కింది మూడు కట్టలైనా పడాలి. వాన మొదలైన తరువాత గండిలోకి మనిషి దిగరాదు.

మా బడి పిల్లలు తొమ్మిది, పది తరగతులవారు జుమా మరునాడు, శనివారం పొద్దున, కొలతల దారాలతో వస్తారు. గడ్డపారలు, తట్టలు ఉన్నవారు తెచ్చుకోగలరు. ఖబర్ల నడుమ నుంచి ట్రాలీలు పోరాదు గనుక పడమటి గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో వారు సభ ముగిసేలోపల మాకు చెప్పవలసిందిగా కోరుతున్నాము.